దీపాలు పెట్టాక కోసిన ఆకు

"ముందు ఆ పందిరి లాగెయ్యండి," అన్నాడు సత్యప్రసాద్.

చిట్టియ్య పలుగు నేలకి ఆనించి దొండపందిరి వంక చూశాడు. తర్వాత పెరటి వసారాలో పీట మీద కూర్చున్న పాపాయమ్మగారి వంక చూశాడు. పందిరి నిండా లేతకాయలు వేలాడుతున్నాయి.

"కాయలు కోసుకున్నాక లాగుదామాండి? రెండు కేజీలైనా ఉంటాయండి."

"ఇప్పుడా కాయలు ఎవరు తింటారు చిట్టియ్యా?"

దొండకాయ చేసిన పాపమేమిటో చిట్టియ్యకి అర్థం కాలేదు. అతని వెంట వచ్చిన రెండో కూలీ అర్థం చేసుకునే శ్రమ పెట్టుకోకుండా పార తీసుకుని తోటకూర మడి వైపు నడిచాడు.

శనివారం నుంచి ఈ బుధవారం దాకా పాపాయమ్మ మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అందులో సగం "అలాగే" అన్నవే. పెరడంతా పీకించేస్తానన్నాడు కొడుకు, అలాగే అంది. పీకించి గచ్చు చేయిస్తానన్నాడు, అలాగే అంది. పప్పులో ఉప్పు ఎక్కువైందంటే నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఒప్పుకోని మనిషి ఇలా అన్నిటికీ అలాగే అంటూంటే వినేవాళ్ళకి భయమేస్తోంది.

"కరివేపాకు చెట్టు ఉంచరా సత్యం," అన్నారు జగన్నాథరావుగారు పడక్కుర్చీలోంచి. "చారులోకైనా ఉంటుంది."

"బజార్లో దొరుకుతుంది నాన్నా."

"బజార్లో అన్నీ దొరుకుతాయి," అని ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అది నిన్నటి పేపరు.

వంటింటి గుమ్మంలో దుర్గాశ్రీ బియ్యం కడిగిన నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఈ ఇంటికి కోడలై వచ్చిన దగ్గర్నుంచి ఆ నీళ్ళు పోసేది బచ్చలిపాదుకే. ఇవాళ ఎక్కడ పొయ్యాలో తోచక, పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది.

ఈ పీకుళ్ళన్నిటికీ కారణం ఎవరో ఆమెకి తెలుసు. అత్తగారు కాదు. తనే.

శనివారం సాయంత్రం పాలకొల్లు నుంచి వచ్చే బస్సు ఆలస్యమైంది. అక్కడ ఒక కాన్వెంటులో దుర్గాశ్రీ మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. కరెంటు లేదు. నడుం నొప్పితో పాపాయమ్మ ముందుగదిలో మంచం మీద ఉంది. ఏడేళ్ళ మధు వచ్చి తల్లి కొంగు పట్టుకుని, కలగూర పప్పు చెయ్యమని గొడవ మొదలుపెట్టింది.

తొలకరి పడితే చాలు, ఆ ఇంట్లో కలగూర పప్పుకి ప్రత్యేకం ఒక రోజంటూ ఉండదు. పెరట్లో మొలిచిన నాలుగైదు రకాల ఆకు తలా గుప్పెడు కోసి, కందిపప్పులో ఉడకేసి, చింతపండు పిసికి, వెల్లుల్లి పోపు పెడితే పిల్ల గిన్నె నాకేస్తుంది.

దీపాలు పెట్టాక మొక్క మీద చెయ్యి వెయ్యకూడదన్నది పాపాయమ్మ నియమం. అప్పటికి మొక్క నిద్రపోతుందంటుంది. దుర్గాశ్రీ పుట్టి పెరిగింది రాజమండ్రి రైల్వే క్వార్టర్సులో. అక్కడ తోటకూర అంటే బండి మీద కట్టగా వచ్చేది. పెళ్ళయిన కొత్తలో ఆమె ఈ నియమానికి నవ్వుకుంది, తర్వాత అలవాటు పడింది, శనివారం మాత్రం పిల్ల గోల భరించలేక లాంతరు పట్టుకుని పెరట్లోకి నడిచింది. చేతికి అందింది కోసుకొచ్చింది.

అందులో నాలుగు లేత ఉమ్మెత్త మొక్కలున్నాయి.

పిల్ల ఒక్కతే ముందు తింది. గంటన్నరకల్లా మొహం ఎర్రబడింది, కంటిపాపలు పెద్దవయ్యాయి, గాల్లో లేనివేవో పట్టుకుంటూ ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆటోలో పాలకొల్లు నర్సింగ్‌హోముకి చేర్చేసరికి తల్లిని గుర్తుపట్టలేదు. సత్యప్రసాద్ భీమవరంలో తను పనిచేసే ఐసు ఫ్యాక్టరీ నుంచి తిన్నగా అక్కడికే వచ్చాడు. జగన్నాథరావుగారు సంచిలో పెట్టి తెచ్చిన ఆకుకాడల్ని డాక్టరుగారు విప్పి చూసి, ఉమ్మెత్త అని చెప్పి, ఇది ఎవరు కోశారని అడిగారు.

దుర్గాశ్రీ నోరు తెరిచింది.

"నేనేనండి," అంది పాపాయమ్మ, ఆమె కన్నా ముందు. "కరెంటు లేదండి. చత్వారం కదా, చీకట్లో పోల్చుకోలేకపోయాను."

తెరిచిన నోరు దుర్గాశ్రీ మూసుకుంది. ఆకు కోయడం పొరపాటు. నోరు మూసుకోవడం మాత్రం పొరపాటు కాదని ఆమెకి ఆ క్షణంలోనే తెలుసు.

మధు మూడు రోజులు అక్కడే ఉండి, నిన్న సాయంత్రం ఇంటికి వచ్చింది. గండం గడిచిందన్నారు డాక్టరుగారు. పిల్ల గండం గడిచింది గానీ పెద్దవాళ్ళది ఇప్పుడే మొదలైంది.

పార తోటకూర మడిలో దిగింది.

చెప్పుకోడానికి ఆ పెరట్లో గొప్ప మొక్కలేమీ లేవు. తోటకూర, గోంగూర, దడి మీదకి పాకిన బచ్చలి, స్నానాల గది నీళ్ళు పారే చోట చేమ, కొళాయి కింద పుదీనా, నాలుగు వంగమొక్కలు, రెండు వరసల బెండ, పచ్చిమిరప, ఒక ఆనపపాదు. గింజ విసిరితే మొలిచేవి, కొమ్మ గుచ్చితే బతికేవి. కొత్తిమీర మడి ఒక్కటే కాస్త ముద్దు చేయించుకునేది. దానికోసం పాపాయమ్మ ధనియాలు గుడ్డలో మూటగట్టి, రాతి మీద రెండు బద్దలయ్యేలా మెల్లగా నలిపి చల్లేది. ఎవరైనా పొగిడితే, "వీటికి నేనేం చేశానమ్మా, కడుగునీళ్ళు పోశాను, పొయ్యి బూడిద చల్లాను," అనేది.

ఊళ్ళోవాళ్ళు మాత్రం అలా అనుకోలేదు. పాపాయమ్మగారి చెయ్యి మంచిదన్నారు. ఎవరింట్లో కొత్తగా పాదు పెట్టినా మొదటి గింజ ఆవిడ చేత వేయించుకునేవారు. ఆవిడకి ఒంటి మీద నగలు తక్కువ, చదువు లేదు, పుట్టింటివాళ్ళు లేరు. ఆ మంచి చెయ్యి ఒక్కటే ఆవిడ ఆస్తి.

గోడ అవతల నుంచి గాజుల చప్పుడైంది. పక్కింటి దేవకుమారి తల కనిపించింది. ఆ వెనకే చేతిలో గోంగూర కట్ట.

"పిన్నిగారూ, ఇది... పొద్దున్న మీరు గోడ మీద పెట్టారు కదండి."

"ఆఁ, బుధవారం నీ వంతు కదమ్మా. నీకే పెట్టాను."

"మా ఇంట్లో ఎవరూ తినడం లేదండి ఈ మధ్య. వేడి చేస్తోందంటున్నారు మా ఆయన."

ఈ జిల్లాలో గోంగూర తినని ఇల్లుందంటే ఎవరూ నమ్మరు. ఆ మాట అంటున్న దేవకుమారికీ తెలుసు, వింటున్న పాపాయమ్మకీ తెలుసు.

"అలాగేనమ్మా. అక్కడ పెట్టు."

దేవకుమారి కట్ట గోడ మీద పెట్టింది గానీ తల వెనక్కి తీసుకోలేదు. ఇంకా ఏదో మిగిలి ఉంది.

"ఆదివారం ఆనపగింజలు పెట్టడానికి రమ్మన్నాం కదండి. మీకెందుకులెండి శ్రమ, నడుం నొప్పితో. మా ఆడపడుచు వస్తోంది, దాని చేత పెట్టించేస్తాం."

"మంచిది. సాయంత్రం పూట పెట్టమను. గింజ మొన కిందకి ఉండాలి."

"అలాగేనండి."

తల మాయమైంది. పాపాయమ్మ లేచి వెళ్ళి గోంగూర కట్ట తెచ్చుకుని పీట మీద కూర్చుంది. కట్ట విప్పింది. ఒక్కో ఆకూ తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడటం మొదలుపెట్టింది. ముందు వైపు చూసింది, వెనక్కి తిప్పి ఈనెలు చూసింది, వాసన చూసింది, పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది.

గోంగూరాకు పోల్చుకోడానికి కళ్ళు కూడా అక్కర్లేదు. మధు నాలుగేళ్ళప్పుడే పోల్చేది.

దుర్గాశ్రీ ఇక చూడలేకపోయింది. గిన్నె కింద పెట్టి వచ్చి అత్తగారి పక్కన నేల మీద కూలబడింది.

"అత్తయ్యగారూ, నేను చెప్పేస్తానండి."

"ఏం చెప్తావు?"

"జరిగింది చెప్తాను. కోసింది నేనని."

"గట్టిగా మాట్లాడకు. పిల్ల లేస్తుంది."

"మీరు చీకట్లో ఆకు కోశారని ఊరంతా అనుకుంటున్నారు. మనవరాలు అడిగిందని నియమం తప్పారు, అందుకే ఇలా అయిందంటున్నారు. బస్సులో నా పక్కనే కూర్చుని నాతోనే అంటున్నారండి."

"అననియ్యి. పెద్దదాన్ని, కళ్ళు మసకలు. నాలుగు రోజులంటారు, మర్చిపోతారు."

"మర్చిపోరండి. గోంగూర తిరిగి వచ్చింది చూశారు కదా."

పాపాయమ్మ చేతిలో ఆకు అలాగే ఉంది. దాన్ని పక్కన పెట్టలేదు.

"నువ్వు తుంచావు గానీ, ఆ మొక్కని అక్కడ ఉండనిచ్చింది నేనమ్మా," అంది. "వినాయక చవితి పత్రిలోకి ఉమ్మెత్త కావాలని దడి మూల ఒకటి ఉంచుతాను ప్రతి ఏడూ. సగం ఊరు నా దగ్గరే పట్టుకెళ్తారు పత్రి. మీ మావయ్య పీకెయ్యమంటూనే ఉన్నారు. దాని కాయలు పగిలి గింజలు మళ్ళో పడ్డాయి. వారం రోజులుగా నడుం నొప్పని నేను కలుపు తియ్యలేదు. తీసుంటే నీ చేతికి దొరికేవి కావు. కాబట్టి నేను ఆడింది పూర్తిగా అబద్ధం కాదు."

"మీరు పగలు కోసుంటే పక్కన పారేసేవారు. దీపాలు పెట్టాక కొయ్యొద్దని మీరు నాకు వందసార్లు చెప్పారు."

"చెప్పాను."

"అయినా కోశాను."

"కోశావు."

ఆ ఒప్పుకోలులో నిష్ఠూరం లేదు. దుర్గాశ్రీకి అదే ఏడుపు తెప్పించింది. ఆవిడ ఒక్క మాట తిట్టినా ప్రాణం తేలికపడేది.

"ఎందుకండీ నా తప్పు మీ నెత్తిన వేసుకున్నారు?"

పాపాయమ్మ గదిలో నిద్రపోతున్న మనవరాలి వైపు చూసింది.

"నానమ్మ పెట్టిందంటే ముసల్దానికి కనపడలేదని సరిపెట్టుకుంటుంది. అమ్మ పెట్టిందంటే అలా కాదు. ఆడపిల్ల, తల్లి దగ్గర పెరగాల్సింది. ఆ మాట దాని చెవిన పడకూడదు. నువ్వు ఊరుకో."

"మీ పెరడు పోతోంది కదండి."

"పోనీ."

అని ఆవిడ మళ్ళీ ఆకు ఎత్తి పట్టుకుంది. మంచి చెయ్యని ఊరంతా చెప్పుకున్న ఆ చెయ్యి గోంగూరని నమ్మడం లేదు. దుర్గాశ్రీ ఇంక అక్కడ కూర్చోలేదు.

సత్యప్రసాద్ ముందుగదిలో స్కూటరు తాళం కోసం వెతుకుతున్నాడు. సిమెంటు కొట్టుకి వెళ్ళాలి.

"ఏమండీ, మీకో మాట చెప్పాలి."

"చెప్పు."

"ఆ రోజు ఆకు కోసింది అత్తయ్యగారు కాదండి. నేను."

అతను వెతకడం ఆపలేదు. పుస్తకాల బల్ల మీద చూశాడు, కిటికీలో చూశాడు. తాళం కిటికీలోనే ఉంది. తీసి జేబులో వేసుకున్నాడు.

"తెలుసు," అన్నాడు.

దుర్గాశ్రీ సరిగ్గా విన్నానో లేదో అనుకుంది.

"తెలుసా? ఎప్పుడు తెలిసింది?"

"ఆసుపత్రిలోనే. చీకట్లో కోశానంది చూడు, అప్పుడే." అతను కుర్చీలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "నాకు ఆరేళ్ళప్పుడు దగ్గు, జ్వరం. ఊపిరాడేది కాదు. తులసాకు రసం పొయ్యమన్నాడు నాన్న. దీపాలు పెట్టేశాం, తెల్లారాక కోస్తానంది అమ్మ. నాన్న నానా తిట్లూ తిట్టాడు. నన్ను ఒళ్ళో వేసుకుని తెల్లవార్లూ ఏడుస్తూ కూర్చుంది గాని ఆకు తుంచలేదు. కొడుకు కోసం కొయ్యని మనిషి పప్పులోకి కోస్తుందా?"

"మరి తెలిసి ఎలా ఊరుకున్నారండి? నాలుగు రోజుల నుంచి ఆవిడ్ని ఎన్ని మాటలన్నారు. ఇందాక చిట్టియ్య ముందు కూడా..."

"ఎవరో ఒకర్ని అనకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది దుర్గా."

"అయితే నన్ననండి."

సత్యప్రసాద్ తలెత్తాడు. నాలుగు రోజుల్లో భార్య మొహంలోకి నేరుగా చూడటం అదే మొదలు.

"అమ్మ మీద కోపం వస్తే పోతుంది. పుట్టినప్పట్నుంచి వస్తూనే ఉంది, పోతూనే ఉంది. నీ మీద వస్తే పోతుందో లేదో నాకు తెలీదు. అందుకని తెలీనట్టు ఉన్నాను. నువ్వు కూడా అలాగే ఉంటే బావుండేది."

బయట పలుగు రాయికి తగిలిన చప్పుడు. ఏదో కూలింది. పందిరి అయ్యుంటుంది.

"తెలిసినప్పుడు పెరడెందుకు పీకిస్తున్నారు? ఆవిడకేం తెలీదనా?"

"ఆవిడకి తెలుసు. నీకు తెలీదు. ఆకు తెలియని మనిషి ఇంట్లో ఉండగా పెరట్లో అడవి పెట్టుకుని, ఫ్యాక్టరీలో నేను నిశ్చింతగా కూర్చోలేను."

"నేర్చుకుంటానండి. అత్తయ్యగారు నేర్పిస్తారు."

"నేర్చుకునేదాకా పిల్ల ఏం తింటుంది?"

ఎనిమిదేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఇంత నిజం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకున్నాక గదిలో ఉండటానికి ఇద్దరికీ కష్టంగా ఉంది.

ఆమె ముందు కదిలింది. పెరట్లోకి నడిచింది.

తోటకూర మడి సగం తవ్వేశారు. వేళ్ళతో సహా లేచి వచ్చిన ఎర్ర కాడలు ఎండలో పడి ఉన్నాయి. దొండపందిరి ఒక పక్కకి ఒరిగింది. రెండో కూలీ కొత్తిమీర మడి దగ్గరికి చేరి, పార ఎత్తాడు. దుర్గాశ్రీ వెళ్ళి మడిలో నిలబడింది.

"ఆపండి."

"అయ్యగారు పీకెయ్యమన్నారండి," అన్నాడు చిట్టియ్య.

"నేను ఆపమంటున్నాను. ఈ పెరట్లో అత్తయ్యగారు ఏ తప్పూ చెయ్యలేదు. ఆ రోజు ఆకు కోసింది నేను. పప్పు వండింది నేను. పిల్లకి పెట్టింది నేను."

క్లాసులో వెనక బెంచీదాకా వినిపించడానికి అలవాటైన గొంతు. పేపరు కిందకి దిగింది. గోడ మీద దేవకుమారి తల మళ్ళీ లేచింది.

"లోపలికి వెళ్ళమ్మా," అంది పాపాయమ్మ కంగారుగా. "పిచ్చి పిల్ల. నన్ను వెనకేసుకొస్తోంది. మీరు పని కానివ్వండి చిట్టియ్యా."

"వెనకేసుకు రావడం లేదు. నిజం చెప్తున్నాను."

"నేనే కోశానని డాక్టరుగారికి చెప్పానా లేదా? అందరూ విన్నారా లేదా?"

ఎవరి మాట నమ్మాలో తెలియక చిట్టియ్య పలుగు మీద బరువు వేసి నిలబడ్డాడు. జగన్నాథరావుగారు భార్య వంక చూశారు, కోడలి వంక చూశారు. నేరం నాదంటే నాదని ఇద్దరు ఆడవాళ్ళు పోట్లాడుకోవడం ఆయన అరవయ్యేళ్ళ బతుకులో చూసి ఉండరు.

గుమ్మంలో సత్యప్రసాద్ కనిపించాడు.

"సత్యం, నీ పెళ్ళాన్ని లోపలికి తీసుకెళ్ళు," అంది పాపాయమ్మ. "నాలుగు రోజులుగా నిద్ర లేదు, ఏదో మాట్లాడుతోంది. నువ్వయినా చెప్పు."

అందరూ అతని వైపు తిరిగారు. అతను తల్లి ఒళ్ళో విడివిడిగా పరిచి ఉన్న గోంగూరాకుల వైపు చూశాడు. ఆవిడ వాటిని ఏం చేస్తోందో అర్థం కావడానికి కాస్త టైము పట్టినట్టుంది. అర్థమయ్యాక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"పని ఆపండి చిట్టియ్యా," అన్నాడు. "దుర్గ చెప్పింది నిజమే. అమ్మ కాదు."

పాపాయమ్మ కళ్ళు మూసుకుంది.

ఆవిడకి కనిపించింది మిగతావాళ్ళకి కనిపించలేదు. సత్యప్రసాద్ వెనకాల, అతని చొక్కా కొస పట్టుకుని, నిద్ర మొహంతో మధు నిలబడి ఉంది.

కూలీలు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ చిట్టియ్య దొండపందిరి రాట నిలబెట్టి, చుట్టూ మట్టి తొక్కి మరీ వెళ్ళాడు. ఎవరూ చెప్పలేదు, కూలి అడగలేదు.

అరగంట కాలేదు, దేవకుమారి ఈసారి గోడ మీంచి కాదు, వీధి గుమ్మంలోంచే వచ్చింది.

"పిన్నిగారూ, ఆదివారం మీరే రావాలండి. మా ఆడపడుచుది అంత మంచి చెయ్యి కాదు. మీరు పెడితేనే పాదు నిలబడుతుంది." పీట పక్కన ఉన్న గోంగూర వంక చూసి, "అది వండుతారా, నేను పట్టుకెళ్ళనాండి?" అంది.

"పట్టుకెళ్ళు."

"మాకు ముందే అనిపించిందండి, మీరేంటి, చీకట్లో ఆకు కొయ్యడమేంటి అని."

దేవకుమారి గోంగూర ఒడిలో వేసుకుని, వంటింటి ముందునుంచే వీధిలోకి వెళ్ళింది. రోజూ "ఏం చేస్తున్నావు దుర్గా" అని పలకరించే మనిషి, ఇవాళ వంటింట్లో ఎవరూ లేనట్టు దాటిపోయింది. దుర్గాశ్రీకి అది న్యాయంగానే అనిపించింది. అత్తగారి చెయ్యి అత్తగారికి తిరిగి వచ్చింది. ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

ఆ ఊపిరి మధ్యాహ్నం భోజనాల దాకా నిలిచింది.

పిల్లకి తేలిక తిండి పెట్టమన్నారు డాక్టరుగారు. దుర్గాశ్రీ అన్నం మెత్తగా వండి, మిరియాల చారు పోసి కలిపి, నెయ్యి చుక్క వేసింది. చారులో ఆకు వెయ్యలేదు, ఒక్క కరివేపాకు రెబ్బ కూడా. వెండికంచం పట్టుకుని మధు ఎదురుగా కూర్చుని, చిన్న ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది.

మధు నోరు తెరవలేదు.

"ఆకలి లేదామ్మా?"

"ఉంది."

"మరి తిను. ఒట్టి చారే. ఆకులేవీ లేవు చూడు."

మధు కంచంలోకి చూసింది. వేలితో అన్నాన్ని అటూ ఇటూ జరిపి చూసింది. పొద్దున్న నానమ్మ గోంగూరని చూసినట్టే చూసింది. తర్వాత చెయ్యి తుడుచుకుని, కూర్చున్న చోటునుంచి కొంచెం వెనక్కి జరిగింది.

"నానమ్మని పెట్టమను."

"నేను పెడితే ఏమైంది? నిన్న రాత్రి నేనే కదా పెట్టాను? రెండు ముద్దలు ఎక్కువే తిన్నావు."

"నిన్న నాకు తెలీదు కదా," అంది మధు.

ఆ పిల్ల గొంతులో కోపం లేదు, పెంకితనం లేదు. స్కూల్లో టీచరు ఏదో అడిగితే బుద్ధిగా చెప్పినట్టు చెప్పింది. దుర్గాశ్రీ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ముందుగదిలో భోజనం చేస్తున్న సత్యప్రసాద్ మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. మళ్ళీ ఎత్తిన చప్పుడు కాలేదు.

అలికిడికి పాపాయమ్మ పెరట్లోంచి వచ్చి గడప అవతల నిలబడింది. తోటకూర మడిలో మిగిలిన మొక్కలకి మట్టి ఎగదోస్తోంది కాబోలు, మోచేతుల దాకా మట్టి. ముద్ద పట్టుకుని కూర్చున్న కోడల్ని, నోరు బిగించిన మనవరాల్ని చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆవిడకి అర్థమైంది.

దుర్గాశ్రీ ముద్దని కంచంలో పెట్టేసి, కంచం రెండు చేతులతో ఎత్తి అత్తగారి వైపు చాచింది.

"మీరు పెట్టండి అత్తయ్యగారూ. పిల్ల పొద్దుట్నుంచి ఏం తినలేదు."

"నానమ్మా, నువ్వు పెట్టు," అంది మధు.

పాపాయమ్మ కంచం అందుకోలేదు. మట్టి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇవాళ నేను పెడితే రేపూ నేనే పెట్టాలమ్మా," అంది కోడలితో. "ఎల్లుండీ నేనే పెట్టాలి. ఆ తర్వాత నీ చేతి ముద్ద ఇక ఎప్పటికీ తినదు."

ఆవిడ గడప దాటలేదు. మధు ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, పెదవులు ఇంకాస్త గట్టిగా బిగించింది.